ఎవరికైనా సరిపోయే పరిచయం

"వీరు కృష్ణా జిల్లాలోని ఒక మారుమూల గ్రామంలో సామాన్య రైతు కుటుంబంలో జన్మించారు. చిన్ననాటి నుంచే చదువులో చురుకుదనం చూపి, ఉన్నత విద్య కోసం అమెరికా వచ్చి, సాఫ్ట్‌వేర్ రంగంలో అంచెలంచెలుగా ఎదిగారు. తెలుగు భాషా సంస్కృతుల పరిరక్షణకు అహర్నిశలు కృషి చేస్తున్న సేవాతత్పరులు. మృదుస్వభావి, స్నేహశీలి."

ఎవరీయన? ఎవరూ కారు. పై నాలుగు వాక్యాలూ ఏ సావనీరులోంచీ తీసుకున్నవి కావు, చెవిలో పడి ఉన్న మాటలతో ఇప్పుడే అల్లినవి. అయినా డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న తెలుగు సంఘం వారికి పంపి చూడండి, కనీసం పదిమంది పేర్లు చెబుతారు. కృష్ణా తీసేసి కరీంనగర్ పెడితే మరో పదిమంది. ఇంతమందికి సరిపోయే పరిచయం ఒక్కరినైనా పరిచయం చేయదెందుకు? అదే పరిచయాన్ని యంత్రం రాస్తే ఈ జబ్బు తగ్గుతుందా, ముదురుతుందా? ఈ అధ్యాయమంతా దాని గురించే. జవాబు 1948 దాకా వెనక్కి వెళ్తుంది. ముందు మన సంఘాల సంగతి చూద్దాం.

ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మూడు సంఘాలు అన్న జోకు అమెరికాలో పాతబడిపోయింది గానీ అందులో అబద్ధం పెద్దగా లేదు. 1977లో న్యూయార్క్‌లో జరిగిన మహాసభతో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాకు పునాది పడింది. తర్వాత ఆటా వచ్చింది, 2009లో నాట్స్, ఆ తర్వాత టీటీఏ. ఇవి కాక ఊరూరా ఉన్నవి వేరు: డాలస్‌లో టాంటెక్స్, అట్లాంటాలో టామా, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బాటా. జనం కూడా పెరిగారు. అమెరికా జనగణన శాఖ లెక్కల ప్రకారం ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010 నుంచి 2017 లోపు 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది. ఆ ఏడేళ్లలో అక్కడి పెద్ద భాషల్లో ఇంత వేగంగా పెరిగింది మరొకటి లేదు.

సంఘం ఉంటే కార్యవర్గం ఉంటుంది, మహాసభ ఉంటుంది, సావనీరు ఉంటుంది, అందులో పరిచయాలుంటాయి. అవి రాసేవాళ్లు జీతగాళ్లు కారు. ఆఫీసు పనయ్యాక, పిల్లల్ని పడుకోబెట్టాక, రాత్రి పదకొండింటికి కూర్చునే వాలంటీర్లు. "బయో పంపండి" అని వాట్సాప్ గ్రూపులో నాలుగుసార్లు అడిగితే ఒకరు రెండు లైన్లు పంపుతారు, ఒకరు మూడు పేజీల రెజ్యూమె పంపుతారు, మిగతావాళ్లు "మీరే ఏదో ఒకటి రాసేయండి బ్రదర్" అంటారు. ప్రింటర్ ఇచ్చిన డెడ్‌లైను శుక్రవారం. ఈ పరిస్థితిలో ఉన్న మనిషి చేతికి 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. వాడక ఏం చేస్తాడు? అతన్ని తప్పుపట్టే హక్కు ఎప్పుడూ సావనీరు పని చేయనివారికి లేదు.

ఇప్పుడు 1948. అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌లో పనిచేస్తున్న క్లాడ్ షానన్ అనే గణితవేత్త సమాచారాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఒక కబురులో ఎంత సమాచారం ఉందో తెలియాలంటే దాని పొడవును బట్టి కాదు, ముందే ఊహించలేనిది అందులో ఎంత ఉందో దాన్ని బట్టి లెక్కగట్టాలన్నాడు. సూర్యుడు తూర్పున పొడిచాడన్న వార్తలో సమాచారం సున్నా. 1951లో ఆయన ఇంకో తమాషా ప్రయోగం చేశాడు. పుస్తకంలోంచి ఒక వాక్యం తీసుకుని, ఒక్కో అక్షరం దాచిపెట్టి, తర్వాతి అక్షరం ఏమిటో మనుషుల్ని ఊహించమన్నాడు. జనం ఆశ్చర్యపోయేంత బాగా ఊహించారు. దీన్నిబట్టి ఇంగ్లిషులో ఒక్కో అక్షరం మోసే సమాచారం దాదాపు ఒక్క బిట్టేనని తేలింది. అంటే అవును, కాదు అని ఒక్కసారి చెప్పినంత.

ఈ ప్రయోగం మీరూ చేయవచ్చు. "తెలుగు భాషా సంస్కృతుల" అని రాసి ఆపండి. తర్వాతి మాట ఏమిటో మీ ఇంట్లో పదో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. షానన్ కొలతలో ఆ "పరిరక్షణ" బరువు దాదాపు సున్నా.

భాషా నమూనా అనే యంత్రం ఆడేది కూడా ఇదే ఆట. 2017లో గూగుల్ పరిశోధకులు ఎనిమిదిమంది కలిసి ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణాన్ని ప్రకటించారు. నేటి యంత్రాలు దాదాపు అన్నీ దాని సంతానమే. కోట్లాది పేజీలు చదివి, ఇప్పటిదాకా వచ్చిన మాటల తర్వాత ఏ మాట రావడానికి ఎంత అవకాశం ఉందో యంత్రం లెక్కవేస్తుంది. ఒకటి ఎంచుకుంటుంది, మళ్లీ లెక్కవేస్తుంది. ఆ పైన మనుషుల చేత జవాబులకు మార్కులు వేయించి, వాళ్లు మెచ్చినవైపు దాన్ని మలుస్తారు. అందువల్ల దాని మాట ఇంకా నున్నగా, ఇంకా మర్యాదగా తయారవుతుంది. పేరు, ఊరు, ఉద్యోగం మాత్రమే ఇచ్చి "ఒక మంచి పరిచయం రాయి" అంటే అది అలాంటి పరిచయాల్లో ఎక్కువగా కనిపించే మాటలే రాస్తుంది. షానన్ సున్నా మార్కులు వేసే మాటలు అవే. ఇది యంత్రం లోపమని అనలేం. దాని పనే అది.

ఇక్కడ మనవైపు కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. "బహుముఖ ప్రజ్ఞాశాలి", "నిబద్ధతకు మారుపేరు" లాంటివి యంత్రం పుట్టించలేదు. దశాబ్దాలుగా సన్మానపత్రాల్లో, శాలువా కప్పే ముందు చదివే ప్రసంగాల్లో మనం రాసుకున్న మాటలే తిరిగి మన ముందుకొస్తున్నాయి.

కొందరు టెంపరేచర్ అనే మీట పెంచితే సరిపోతుందంటారు. అది పెంచితే యంత్రం తక్కువ అవకాశం ఉన్న మాటల్ని కూడా ఎంచుకోవడం మొదలుపెడుతుంది. కొత్తదనం వస్తుంది, నిజం రాదు. మృదుస్వభావి కాస్తా సాహసి అవుతాడు గానీ ఆ మనిషి అవడు.

మరి జనానికి ఇవి నచ్చుతున్నాయి కదా? నచ్చుతాయి. దాని మర్మం మరో ప్రయోగంలో ఉంది, అదీ 1948లోదే కావడం కాకతాళీయం. బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన తరగతిలో 39మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ విడిగా ఫలితం రాసిచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తర్వాత చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. జ్యోతిష్యం పుస్తకంలోంచి వాక్యాలు ఏరి కూర్చినది. మన ఊళ్లో చిలక తీసే కార్డూ ఇంతే, ఎవరు కూర్చున్నా "నీ మనసు మంచిది, నలుగురికీ చేస్తావు, పేరు రాదు" అంటుంది, ఎవరికి వారు నిజమే అనుకుంటారు. తన బయో చదువుకుని సభ్యుడు మురిసిపోయాడంటే అది బాగుందని కాదు. పొగడ్తని ఎవరూ తిప్పి పంపరు.

పరిచయాలన్నీ ఒకచోట పేర్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. 2024లో అనిల్ దోషి, ఆలివర్ హౌజర్ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు మూడొందలమంది చేత చిన్నచిన్న కథలు రాయించారు. కొందరికి ఏఐ నుంచి ఆలోచనలు తీసుకునే వీలిచ్చారు. అలా రాసిన కథలు విడివిడిగా చూస్తే మెరుగ్గా ఉన్నాయని పాఠకులు అన్నారు. కానీ ఆ కథలన్నీ ఒకదానికొకటి ఎక్కువగా పోలి ఉన్నాయి. సావనీరులో నలభై బయోలు వరసగా చదవడానికి ప్రయత్నించినవారికి ఈ ఫలితం ఏమంత వింతగా ఉండదు.

పోలిక కంటే ప్రమాదకరమైనది కల్పన. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గురించి అడిగితే పెద్ద యంత్రాలు బాగానే చెబుతాయి: 1895లో భీమవరంలో పుట్టడం, బోస్టన్ చేరి హార్వర్డ్‌లో చదవడం, బతుకుతెరువుకి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్‌లు కడగడం, లెడర్లీ సంస్థలో ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ పరిశోధనలు, 1948లో మరణం. ఇవన్నీ వందలచోట్ల రాసి ఉన్నాయి కాబట్టి యంత్రం తడబడదు. అదే ఒహాయోలో ఒక ఊరి తెలుగు సంఘం కోశాధికారి గురించి అడగండి. ఆయన పేరు ఎక్కడో ఒకచోట, ఒక్కసారి కనిపించి ఉంటుంది, లేదా అసలు కనిపించి ఉండదు.

ఆ "ఒక్కసారి" అన్నదానికి గణితంలో చాలా అర్థం ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో గూఢలిపులు ఛేదిస్తూ అలన్ ట్యూరింగ్ పట్టుకున్న ఒక ఆలోచనను ఆయన సహచరుడు జాక్ గుడ్ 1953లో ప్రచురించాడు. మీకు ఇప్పటిదాకా ఒక్కసారి మాత్రమే ఎదురైనవి ఎంత భాగమో, అసలు ఎదురుకానివి సుమారుగా అంత భాగం మిగిలి ఉంటాయన్నది దాని సారం. 2023లో ఆడం కలాయ్ అనే పరిశోధకుడు, అట్లాంటాలోని జార్జియా టెక్ ఆచార్యుడు సంతోష్ వేంపల ఈ సూత్రాన్ని భాషా నమూనాలకు అన్వయించారు. పుట్టినరోజుల్లాంటి విషయాల్ని వేరే జ్ఞానం నుంచి ఊహించి తెలుసుకోలేం. అలాంటివాటిలో శిక్షణ సమాచారంలో ఒక్కసారే కనిపించినవి ఎంత శాతమో, అవకాశాల్ని సరిగ్గా లెక్కగట్టే యంత్రం కనీసం దాదాపు అంత శాతం కల్పించి చెప్పక తప్పదని నిరూపించారు. 2025లో మరో ఇద్దరితో కలిసి రాసిన పత్రంలో వాళ్లే ఒక ఉదాహరణ ఇచ్చారు: కలాయ్ పుట్టినరోజు ఎప్పుడని ఒక పేరున్న నమూనాను మూడుసార్లు అడిగితే మూడు వేర్వేరు తేదీలు చెప్పింది, మూడూ తప్పే. తెలిస్తేనే చెప్పమన్నా సరే. పరీక్షల్లో తెలియదని రాస్తే సున్నా, ఊహించి రాస్తే తగిలే అవకాశం ఉన్నట్టే యంత్రాలకూ మార్కులు వేస్తున్నామని, అందుకే అవి గుడ్డిగా రాయడం నేర్చుకున్నాయని వాళ్ల వాదన. మన ఎంసెట్ పిల్లలకు ఇది వివరించనక్కర్లేదు.

సంఘ సభ్యులంటే దాదాపు అందరూ ఆ "ఒక్కసారి" జాబితాలోని వాళ్లే. అందుకే "ఫలానా వారి గురించి రాయి" అని పేరొక్కటే ఇవ్వడం పొరపాటు. చదవని కాలేజీలో పట్టా, పొందని అవార్డు, ఒకే పేరున్న మరెవరి ఉద్యోగమో వచ్చి కూర్చుంటాయి. అచ్చులో పడ్డాక అది సంఘం చరిత్ర అయిపోతుంది.

పెద్దల మాటలు రికార్డు చేసి యంత్రం చేత రాయించేటప్పుడు మౌనం దగ్గర కూడా జాగ్రత్త. 2022లో చాట్‌జీపీటీ సంస్థ ఓపెన్‌ఏఐ విడుదల చేసిన విస్పర్ అనే యంత్రం మాటను రాతగా మారుస్తుంది. 6,80,000 గంటల ధ్వనితో శిక్షణ పొందింది, అందులో ఎక్కువ భాగం ఇంగ్లిషే. 2024లో కొందరు పరిశోధకులు దాన్ని పరీక్షించి చూస్తే, వంద రికార్డింగ్ ముక్కల్లో సుమారు ఒకదానిలో మనిషి అననే అనని వాక్యాలు కనిపించాయి. మాటల మధ్య ఎక్కువసేపు ఆగేవాళ్ల విషయంలో ఇది ఎక్కువగా జరిగింది. పెద్దవాళ్లు ఆగి ఆగి మాట్లాడతారు. తెలుగు, ఇంగ్లిషు కలగలిపి మాట్లాడతారు. రాత చేతికి వచ్చాక ఒకసారి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని సరిచూడటం తప్పదు.

తెలుగు లిపి విషయంలో ఒక మాట. యంత్రం మాటల్ని టోకెన్లు అనే ముక్కలుగా విరిచి చూస్తుంది. ఇంగ్లిషుకు తక్కువ ముక్కలు, మనకు ఎక్కువ. "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే కంప్యూటర్లో ఆరు సంకేతాలు, 18 బైట్లు. 2024 మేలో ఓపెన్‌ఏఐ తన జీపీటీ-4ఓ నమూనాను ప్రకటిస్తూ ఒక పోలిక ఇచ్చింది. నా పేరు ఫలానా, మిమ్మల్ని కలవడం సంతోషం అనే స్వపరిచయ వాక్యం ఇంగ్లిషులో 24 టోకెన్లు. తెలుగులో అంతకుముందు 159 అయ్యేది, ఆ నమూనాలో 45కి దిగింది. మెరుగే గానీ టోకెన్ల లెక్కన తెలుగులో మనని మనం పరిచయం చేసుకోవడం అప్పటికీ దాదాపు రెట్టింపు ఖరీదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం, ఆడవాళ్ల పరిచయాలు. లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో యంత్రాల చేత సిఫారసు లేఖలు రాయించి చూశారు. మగవాళ్ల లేఖల్లో నాయకత్వం, నైపుణ్యం, ఆడవాళ్ల లేఖల్లో ఆప్యాయత, మంచితనం ఎక్కువగా కనిపించాయి. మన సంఘాల్లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే భార్య హెచ్-4 అనే ఆధారిత వీసా మీద వచ్చేది. ఆ వీసా మీద వచ్చినవారిలో కొందరికైనా ఉద్యోగం చేసే అనుమతి దొరికింది 2015 మే తర్వాతే. అంటే ఎందరో చదువుకున్న ఆడవాళ్ల రెజ్యూమెల్లో అయిదేళ్లో పదేళ్లో ఖాళీ ఉంటుంది. యంత్రం ఆ ఖాళీని చూసి విరామం అంటుంది, లేదా మాట్లాడకుండా దాటేస్తుంది. సంఘంలో చాలా పని నడిచింది ఆ ఖాళీలోనే. 2007లో సిలికానాంధ్ర మనబడి మొదలయ్యాక వారాంతాల్లో పిల్లలకు గుణింతాలు దిద్దించినవాళ్లలో, ఉగాదికి వందలమందికి వంట చూసుకున్నవాళ్లలో ఎంతమంది ఆ ఖాళీలోనివాళ్లో మీ సంఘంలోనే అడిగి చూడండి.

అలాంటి ఒకావిడను ఊహించుకుందాం. తెనాలిలో బ్యాంకు ఉద్యోగం వదిలి హెచ్-4 మీద కొలంబస్ వచ్చింది, తర్వాత టెస్టింగ్ ఉద్యోగంలో చేరింది, సంఘంలో ఫుడ్ కమిటీ చూస్తుంది. ఈ వివరాలు యంత్రానికి ఇచ్చి పరిచయం రాయమనకండి. ఆవిడను ఏమేం అడగాలో చెప్పమనండి. మొదట "సమాజసేవ పట్ల మీకు ఆసక్తి ఎలా కలిగింది?" లాంటివి ఇస్తుంది. వాటిని కొట్టేసి, ఒక వస్తువు గురించో, ఒక రోజు గురించో, ఒక చేతిపని గురించో మాత్రమే ఉండాలని మళ్లీ అడగండి. ఇక్కడ యంత్రం నిజంగా పనికొస్తుంది, ఇరవై ప్రశ్నలిస్తే నాలుగు మంచివుంటాయి. ఆ నాలుగూ పట్టుకుని ఫోన్ చేయండి.

"ఆంటీ, కిందటి ఉగాదికి ఇంట్లోంచి హాలుకి ఏమేం పట్టుకెళ్లారు?"

"ఏముందమ్మా, మామూలే. పచ్చడి."

"వేపపువ్వు ఎక్కడిది? ఇక్కడ చలికి వేపచెట్టు బతకదు కదా."

"అదా! మా వదిన నీడలో ఎండబెట్టి, ఎవరొస్తుంటే వాళ్లతో పంపిస్తుంది. బ్రూ సీసాలో పోసి ఫ్రీజర్లో దాస్తాను. మావారు ఒకసారి టీ ఆకు అనుకుని మరిగించేశారు. ఆ ఏడాది మొత్తం హాలుకి కాకరకాయ ముక్కలతో చేదు సరిపెట్టాను, ఎవరూ కనిపెట్టలేదు."

పరిచయం దొరికింది. "కొలంబస్‌లో ఉగాది చేదు ఒకావిడ ఫ్రీజర్లో ఉంటుంది" అని మొదలుపెట్టవచ్చు. ఈ వాక్యం ఏ యంత్రమూ తనంతట తాను రాయదు, ఎందుకంటే ఆ సీసా సంగతి ఏ శిక్షణ సమాచారంలోనూ లేదు.

ఇక్కడి నుంచి యంత్రానికి మళ్లీ పని ఇవ్వవచ్చు. ఆవిడ మాటల రాతప్రతి మొత్తం ఇచ్చి, ఇందులో ఉన్నదే వాడు, లేనిది కలపకు, తెలియనిచోట ఖాళీ గుర్తు పెట్టు, ఆవిడ వాడిన మాటలు మార్చకు, విశేషణాలు వద్దు అని గట్టిగా చెప్పండి. మూడు వేల మాటల్ని మూడొందలకు కుదించడంలో, ముందు వెనకలు సర్దడంలో, అదే పరిచయాన్ని ఇక్కడే పుట్టిన పిల్లల కోసం ఇంగ్లిషులోకి మార్చడంలో అది మనకంటే చురుకు. ఒక్కో వాక్యానికీ రాతప్రతిలో ఆధారం చూపించమని దాన్నే అడగవచ్చు, అయితే ఆ చూపించినదాన్ని మీరు తిరిగి చూసుకోవాలి. చివరగా పేరు కొట్టేసి కమిటీలో ఎవరికైనా చూపించండి. "ఇది ఎవరి గురించైనా కావచ్చు" అంటే మళ్లీ ఫోన్ చేయాల్సిందే. "ఇది తెనాలి ఆంటీయే కదా" అంటే పూర్తయినట్టు.

అచ్చుకు ముందు ఆవిడ చదివి సరేననాలి, ఆ మాట రాతలో ఉండాలి. వీసా సంగతులు, ఇంటి వీధి, పిల్లల స్కూలు, పుట్టినతేదీ పరిచయంలో అక్కర్లేదు, యంత్రంలో వేయడం అసలే అక్కర్లేదు. పరిశోధకుడు నికొలస్ కార్లిని బృందం జీపీటీ-2 అనే పాత నమూనా నుంచి ఒక నిజమైన మనిషి పేరు, ఫోన్ నంబరు, చిరునామా యథాతథంగా బయటికి లాగి చూపించింది. ఇచ్చిన సమాచారాన్ని శిక్షణకు వాడకుండా ఆపే ఏర్పాటు చాలా సేవల సెట్టింగుల్లో ఉంటుంది, ముందు అది చూసుకుని మొదలుపెట్టండి.

ఇంకో సంగతి చెప్పాలి. 1965 వలస చట్టం తర్వాత వచ్చి, 1977 నాటి ఆ న్యూయార్క్ సభలో కుర్చీలు సర్దిన తరం ఇప్పుడు ఎనభైలకు దగ్గరపడింది, కొందరు దాటారు. వాళ్ల మాటలు సావనీర్లలో అరుదు, ఎక్కువగా ఉన్నవి పదవుల జాబితాలే. ఫిలడెల్ఫియా కేంద్రంగా 2008 నుంచి పనిచేస్తున్న సాదా అనే సంస్థ దక్షిణాసియా వలసదారుల ఫోటోలు, ఉత్తరాలు, అమెరికాలో మొదటి రోజు జ్ఞాపకాలు సేకరించి భద్రపరుస్తోంది. సంఘాలు తమ పెద్దల రికార్డింగులు తమ దగ్గర ఉంచుకుంటూనే, వారి అనుమతితో అలాంటి చోటికి ఒక ప్రతి పంపవచ్చు. వచ్చే మహాసభకు డెడ్‌లైను పెట్టేదాకా ఆగకండి. మీ సంఘంలో అందరికంటే పెద్దవారెవరో కనుక్కుని, ఈ శనివారమే ఫోన్ చేసి, రికార్డు చేయడానికి అనుమతి అడగండి.